సైబర్ సెక్యూరిటీ బ్రాంచ్, మూడో ఏడాది: ఇంటర్న్‌షిప్‌కి ఏం చూపించి అడగాలి?

భీమవరం_అమ్మాయి

అందరికీ నమస్కారం. భీమవరం దగ్గర ఒక కాలేజీలో సీఎస్ఈ సైబర్ సెక్యూరిటీ మూడో ఏడాది చదువుతున్నాను. పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఈ బ్రాంచ్ నేను కోరుకున్నది కాదు. నా ర్యాంకుకి మామూలు సీఎస్ఈ రాక ఇందులో చేరాను. ఇష్టం పుట్టింది నిరుడు. మా పక్కింట్లో రిటైరైన తెలుగు మాస్టారు ఉంటారు. మీ పేరున వచ్చిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, మేం పోలీసులం, కెమెరా ముందు నుంచి కదలొద్దు అంటూ వీడియో కాల్‌లో ఆయన్ని రెండు రోజులు గదిలోంచి బయటికి రానివ్వలేదు. 3 లక్షల 40 వేలు పంపేశారు. సంగతి బయటపడిన సాయంత్రం 1930కి ఫోన్ చేసింది నేనే, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు నింపింది నేనే. డబ్బు వెళ్లిన ఖాతాలో ఇంకా మిగిలి ఉన్న కొంత ఆపగలిగారు. ఆ రోజు మాస్టారు నా చెయ్యి పట్టుకుని "నువ్వు చదివేది ఇదేనా అమ్మా" అని అడిగారు. అవునన్నాను. కానీ అప్పటికి నాకేమీ రాదు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా పుస్తకం తీస్తున్నాను.

కంప్యూటర్ నెట్‌వర్క్స్ (సీఎన్), ఆపరేటింగ్ సిస్టమ్స్ (ఓఎస్), డేటాబేస్ (డీబీఎంఎస్) సబ్జెక్టులు అయిపోయాయి. ఈ సెమిస్టర్ క్రిప్టోగ్రఫీ, నెట్‌వర్క్ సెక్యూరిటీ (సీఎన్ఎస్) నడుస్తోంది. సమాచారాన్ని తాళం వేసి పంపే ఆర్ఎస్ఏ, ఇద్దరూ కలిసి రహస్య తాళంచెవి తయారుచేసుకునే డిఫీ హెల్‌మన్ లెక్కలు బాగానే చేస్తాను, మిడ్‌లో 30కి 27 వచ్చాయి. కానీ పోయిన నెల ఒక ఇంటర్న్‌షిప్‌కి ఫోన్‌లో ఇంటర్వ్యూ చేస్తూ, "బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కితే ఏం జరుగుతుందో చెప్పు" అన్నారు. డీఎన్ఎస్ (సైట్ పేరుకి దాని నంబర్ అడ్రస్ వెతకడం) దాకా చెప్పి ఆగిపోయాను. "లాగ్స్ ఎప్పుడైనా చూశావా" అన్నారు, అంటే కంప్యూటర్‌లో ఏ క్షణాన ఏం జరిగిందో నమోదయ్యే చిట్టా. లేదన్నాను. మళ్లీ ఫోన్ రాలేదు.

వేసవిలో ఒక సంస్థ 4,500 రూపాయలు కట్టించుకుని నాలుగు వారాల ఇంటర్న్‌షిప్ అంది. అమ్మ చీటీ డబ్బులోంచి తీసి ఇచ్చింది. రోజుకి రెండు రికార్డెడ్ వీడియోలు, ఆఖర్లో ఇరవై ప్రశ్నల క్విజ్, క్యూఆర్ కోడ్ ఉన్న సర్టిఫికెట్. నేర్పే మనిషితో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. మా క్లాసులో 41 మంది దగ్గర అదే సర్టిఫికెట్ ఉంది. దాన్ని రెజ్యూమేలో ఉంచాలా తీసెయ్యాలా?

అసలు టెన్షన్ పెడుతున్నది వేరే. మా రిజల్ట్స్ పోర్టల్‌లో నా మార్కుల పేజీ తెరిస్తే, పైన అడ్రస్ చివర నా హాల్ టికెట్ నంబర్ కనిపిస్తుంది. మొన్న ఆదివారం పక్కనే ఉన్న రూమ్‌మేట్‌ని అడిగి, చివరి రెండంకెలు తీసేసి తన నంబర్ వేశాను. తన మార్కులు, వాళ్ల నాన్నగారి ఫోన్ నంబర్, ఇంకా కట్టాల్సిన ఫీజు, అన్నీ వచ్చేశాయి. లాగిన్ అయ్యింది నేను, కనిపిస్తున్నవి తన వివరాలు. ఇద్దరికీ నోట మాట రాలేదు. వెంటనే మూసేశాను. కొందరు ఫ్రెండ్స్ "స్క్రిప్ట్ రాసి కాలేజీ మొత్తం డేటా దించు, అది చూపిస్తే ఎవరైనా తీసుకుంటారు" అంటున్నారు. లింక్డ్‌ఇన్‌లో పెట్టమంటున్నారు. ఇది చెప్పుకోదగ్గ పనేనా, తప్పు చేశానా? నాకు భయంగా ఉంది.

ల్యాప్‌టాప్ 8 జీబీ ర్యామ్. హాస్టల్ వైఫై రాత్రి 11కి ఆపేస్తారు. డబ్బు పెట్టి కోర్సులు చేసే పరిస్థితి లేదు.

రాత్రి_షిఫ్ట్

చెల్లెమ్మా, ముందు ఆఖరి సంగతి చూద్దాం. స్క్రిప్ట్ రాయొద్దు. ఇంకొక్క నంబర్ కూడా మార్చి చూడొద్దు. లింక్డ్‌ఇన్‌లో అసలే వద్దు.

నువ్వు చూసినదాన్ని బ్రోకెన్ యాక్సెస్ కంట్రోల్ అంటారు. వెబ్ లోపాల మీద పనిచేసే ఓవాస్ప్ అనే సంస్థ టాప్ టెన్ జాబితాలో 2017లో ఐదో స్థానంలో ఉండేది, 2021లో మొదటి స్థానానికి వచ్చింది. "నువ్వెవరు" అని పోర్టల్ అడుగుతోంది, "ఈ కాగితం నీదేనా" అని అడగట్లేదు. ఇంత చిన్న తప్పు. కానీ మన ఐటీ చట్టం సెక్షన్ 43 అనుమతి లేకుండా వేరేవాళ్ల కంప్యూటర్‌లోకి వెళ్లడం, డేటా దించుకోవడం గురించే. అదే పని దురుద్దేశంతోనో మోసంతోనో చేశారని తేలితే సెక్షన్ 66 కింద 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా పడొచ్చు. నీ మనసులో దురుద్దేశం లేదని నాకు తెలుసు. వెయ్యి మంది ఫోన్ నంబర్లు నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నాక ఆ మాట ఎవరికి చెప్పుకుంటావు? స్క్రిప్ట్ రాయమన్న ఫ్రెండ్స్ ఆ రోజు నీ వెంట స్టేషన్‌కి రారు.

నువ్వు చేయాల్సింది ఒక ఈమెయిల్. హెచ్ఓడీ గారికి, పోర్టల్ చూసేవాళ్లకి. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ పేజీలో, ఏం మారిస్తే ఏం కనిపించింది, ఎవరి అనుమతితో ఒక్కసారి చూశావు, ఏమీ దాచుకోలేదు. ఇవే రాయి. స్క్రీన్‌షాట్ ఉంటే నీ రూమ్‌మేట్ వివరాలు నల్లగా కప్పెయ్యి. కాలేజీ పట్టించుకోకపోతే సెర్ట్-ఇన్‌కి (సైబర్ ప్రమాదాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రాయొచ్చు, ఇలాంటి లోపాలని తీసుకునే పద్ధతి వాళ్లకి ఉంది. ఆ ఈమెయిల్ కాపీ దాచుకో.

ఇక ఉద్యోగం సంగతి. నేను గచ్చిబౌలిలో ఒక సాక్‌లో (కంపెనీల కంప్యూటర్లని రాత్రింబవళ్లు కనిపెట్టి చూసే సెంటర్) ఆరేళ్లుగా చేస్తున్నాను. చదివింది ఈసీఈ, మాది నూజివీడు. బయటివాళ్లు మా పని అంటే హ్యాకర్లతో యుద్ధం అనుకుంటారు. నీకు ఒక రాత్రి జరిగింది చెప్తాను.

రెండూ పదికి అలర్ట్ వచ్చింది. ఒక సర్వర్‌లో ఈవెంట్ 4625, అంటే విండోస్‌లో లాగిన్ ఫెయిలైతే పడే ఎంట్రీ, వరసగా. కొత్తగా చేరిన కుర్రాడు "బ్రూట్ ఫోర్స్ అన్నా, అకౌంట్ బ్లాక్ చేసేద్దాం" అని లేచాడు. కూర్చోబెట్టి టైమ్‌లు చదవమన్నాను. 2:00:01, 2:05:01, 2:10:01. సరిగ్గా ఐదేసి నిమిషాలు. పాస్‌వర్డ్ ఊహించేవాడు ఇంత తీరిగ్గా కొట్టడు, చేత్తో కొట్టే మనిషి ఇంత కచ్చితంగా కొట్టలేడు. యూజర్ పేరు ఒక్కటే, అదీ సరైనదే, పాస్‌వర్డ్ మాత్రమే తప్పు. లాగాన్ టైప్ చూస్తే 4. అంటే షెడ్యూల్ చేసిన పని ఏదో తనంతట తాను నడుస్తోంది. ఆ సాయంత్రమే ఎవరో ఆ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చారు, బ్యాకప్ టాస్క్‌లో పాతదే ఉండిపోయింది. మేం కంగారుపడి అకౌంట్ ఆపేసి ఉంటే, అదే అకౌంట్‌తో నడిచే మిగతా పనులన్నీ పొద్దుటికి ఆగిపోయేవి.

అదే ఒక్కో యూజర్ పేరు మీద ఒక్కోసారి చొప్పున రెండొందల పేర్లు ఫెయిలై ఉంటే, ఎవరో తలుపులన్నీ తట్టి చూస్తున్నట్టు లెక్క, నేనే ఆ కుర్రాడికన్నా ముందు లేచేవాణ్ని. ఇంటర్వ్యూలో "లాగ్స్ చూశావా" అని అడిగింది దీనికోసమే. మామూలు రోజు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకే తేడా కంటికి కనిపిస్తుంది. పైగా 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు లాగ్స్‌ని 180 రోజులు ఉంచాలి, సంఘటన తెలిసిన 6 గంటల్లో వాళ్లకి తెలియజేయాలి. ఆ ఆరు గంటల్లో కూర్చుని లాగ్ చదివే మనుషులు కావాలి.

నీ 8 జీబీ చాలు. నీ కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్ నడిపే వర్చువల్‌బాక్స్‌లో డెస్క్‌టాప్ లేని ఉబుంటు సర్వర్ (ఒక రకం లినక్స్) పెట్టి 2 జీబీ ఇవ్వు. దానికి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) తెరిచి, నీ ల్యాప్‌టాప్ నుంచి కావాలనే తప్పు పాస్‌వర్డ్ పదిసార్లు కొట్టు. తర్వాత లేని యూజర్ పేరుతో కొట్టు. లాగిన్ ప్రయత్నాలన్నీ నమోదయ్యే ఆథ్ డాట్ లాగ్ తెరిచి ఆ రెండింటికీ తేడా చూడు, రెండోదాంట్లో ఇన్‌వాలిడ్ యూజర్ అని అదనంగా ఉంటుంది. గ్రెప్‌తో (ఫైల్లో మాట వెతికే కమాండ్) లెక్కపెట్టు. ఆ మీదట, పదేపదే తప్పు కొట్టే అడ్రస్‌ని ఆపేసే ఫెయిల్‌టూబ్యాన్ పెట్టి మళ్లీ కొట్టి చూడు. ఇవన్నీ ముందే దించుకుంటే ఇంటర్నెట్ అక్కర్లేదు కాబట్టి హాస్టల్‌లో 11 తర్వాత కూడా చేసుకోవచ్చు. చేసినదాన్ని రెండు పేజీలు రాయి: ఏం చూశాను, ఎప్పుడు, దాన్నిబట్టి ఏమనుకుంటున్నాను, ఇంకా ఏం తేలలేదు. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాసినా సరే, వాక్యాలు పొట్టిగా ఉండాలి.

4,500 సర్టిఫికెట్ తీసెయ్యి. దాని గురించి రెండు ప్రశ్నలు వేస్తే జవాబు చెప్పలేనిది ఏదీ రెజ్యూమేలో ఉండకూడదు. అమ్మకి ఆ డబ్బు నీ మొదటి స్టైపెండ్‌లోంచి ఇద్దువుగాని.

సీఎన్ఎస్_మేడమ్

అమ్మాయ్, నేను కాకినాడ వైపు ఒక కాలేజీలో పద్నాలుగేళ్లుగా ఇదే సబ్జెక్ట్ చెప్తున్నాను. 30కి 27 తెచ్చుకుని కూడా బ్రౌజర్ ప్రశ్న దగ్గర ఆగిపోయావంటే ఆ లోటు నీది కాదు, మాది. లెక్క చేయిస్తాం, ఆ లెక్క రోజూ ఎక్కడ జరుగుతోందో చూపించం. సిలబస్ అవ్వాలి, ల్యాబ్ రికార్డులు దిద్దాలి, అలా గడిచిపోతుంది. ఇది నన్ను చాలా కాలంగా బాధపెడుతున్న విషయం.

ఇప్పుడు చూడు. నెట్‌వర్క్‌లో వచ్చీపోయే ప్యాకెట్లని చూపించే వైర్‌షార్క్ పెట్టుకుని, నీ ల్యాప్‌టాప్‌లో ఏదైనా ఒక వెబ్‌సైట్ తెరిచి, ప్యాకెట్లు పట్టు. మొదట డీఎన్ఎస్ అడగడం, జవాబు రావడం. తర్వాత రెండు కంప్యూటర్లూ మాట కలుపుకునే టీసీపీ మూడు అడుగులు: సిన్, సిన్-యాక్, యాక్. (ఇప్పుడు చాలా సైట్లు క్విక్ అనే పద్ధతిలో టీసీపీ బదులు యూడీపీ మీద నడుస్తాయి, అలా వస్తే కంగారుపడకు, వేరే సైట్ తెరువు.) ఆ తర్వాత, రహస్యంగా మాట్లాడుకుందామని నీ బ్రౌజర్ పంపే క్లయింట్ హలో అని ఒక ప్యాకెట్ ఉంటుంది. దాన్ని నొక్కి కిందికి విప్పుకుంటూ వెళ్తే కీ షేర్ అని కనిపిస్తుంది. అక్కడ x25519 అన్న పేరు పక్కనున్న ఆ పొడవాటి సంఖ్యే నువ్వు మిడ్‌లో కాగితం మీద చేసిన డిఫీ హెల్‌మన్. మనం 23, 5 లాంటి చిన్న అంకెలతో చేస్తాం, అక్కడ ఎలిప్టిక్ కర్వ్ మీద చేస్తారు, ఆలోచన మాత్రం 1976లో వాళ్లు రాసిందే. బ్రౌజర్‌కీ సైట్‌కీ మధ్య మాటలని దాచే టీఎల్ఎస్ పద్ధతిలో 2018లో వచ్చిన 1.3లో, పాత పద్ధతిలో ఆర్ఎస్ఏతో తాళంచెవి పంపడం తీసేశారు. ఎందుకు తీసేశారో నువ్వే కనుక్కుని నీ నోట్సులో రాసుకో. సర్వర్ ప్రైవేట్ కీ రేపెప్పుడో దొంగ చేతికి చిక్కితే, ఇవాళ్టి మాటలన్నీ ఏమవుతాయో ఆలోచించు, దొరుకుతుంది.

ఓఎస్‌లో పర్మిషన్లు, డీబీఎంఎస్‌లో జాయిన్లు, సీఎన్‌లో సబ్‌నెట్టింగ్, ఈ మూడూ మళ్లీ తిరగెయ్యి. ఇవి రాకుండా టూల్స్ నేర్చుకున్నవాళ్లు టూల్ ఇచ్చిన ఎర్రగీతని చదవగలరు, అది ఎందుకొచ్చిందో చెప్పలేరు. ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ చదువుల సైట్‌లో పాఠాలు ఉచితం, పరీక్ష రాయాలనుకుంటేనే ఫీజు.

పోర్టల్ విషయంలో పైన తమ్ముడు చెప్పింది అక్షరాలా పాటించు. హెచ్ఓడీ గారి దగ్గరికి ఒక్కదానివే వెళ్లకు, నీకు నమ్మకమున్న ఒక లెక్చరర్‌ని వెంటపెట్టుకుని వెళ్లు. పిల్లలు తప్పు పట్టారని చిన్నబుచ్చుకునే పెద్దవాళ్లు ఉంటారు. "సార్, నా వివరాలు కూడా ఇలాగే బయటపడుతున్నాయి, అందుకే వచ్చాను" అని మొదలుపెట్టు.

ఆడిట్_ట్రైనీ

హాయ్. నేను నీకంటే రెండేళ్లు సీనియర్, గుంటూరు. సాక్ కాకుండా ఇంకో దారి ఉందని చెప్దామని.

సెర్ట్-ఇన్ వెబ్‌సైట్‌లో ఎంప్యానెల్డ్ ఆడిటర్ల జాబితా ఉంటుంది, అంటే కంప్యూటర్ల భద్రత పరీక్షించడానికి వాళ్లు గుర్తించిన సంస్థలు. ప్రభుత్వ వెబ్‌సైట్లు జనంలోకి వెళ్లేముందు ఇలాంటి వాళ్ల చేత ఆడిట్ చేయించాలి, బ్యాంకులకీ ఆడిట్లు తప్పనిసరి. ఆ జాబితాలో అందరికీ తెలిసిన పెద్ద పేర్లే కాదు, ఇరవై ముప్ఫై మందితో నడిచేవి కూడా ఉన్నాయి. మన దృష్టి అక్కడికి పోదు, అందరం పెద్ద కంపెనీల కెరీర్ పేజీలే రిఫ్రెష్ చేస్తుంటాం. నేను హైదరాబాద్, బెంగళూరు, చెన్నై అడ్రసులు ఉన్నవాటిని ఏరుకుని 34 ఈమెయిల్స్ పంపాను. అయిదుగురు జవాబిచ్చారు, ఇద్దరు మాట్లాడారు, ఒకరు తీసుకున్నారు. నెలకి 10 వేలు. మాదాపూర్‌లో పీజీ అద్దెకి, తిండికి సరిగ్గా సరిపోయేది.

ఈమెయిల్‌లో "ఐయామ్ ప్యాషనేట్" లాంటివి ఏమీ రాయలేదు. పోర్ట్‌స్విగ్గర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీ అనే సైట్‌లో, కావాలనే లోపాలు పెట్టిన ప్రాక్టీస్ ల్యాబ్స్ ఉచితం. అందులో యాక్సెస్ కంట్రోల్ ల్యాబ్స్ అన్నీ పూర్తిచేసి, ఒక్కదానికి రిపోర్ట్ రాశాను: లోపం ఏంటి, ఎలా తిరిగి చేసి చూపించొచ్చు, దానివల్ల ఎవరికి ఎంత నష్టం, ఎలా సరిచేయాలి. ఆ పీడీఎఫ్ జతచేశాను. నన్ను తీసుకున్న సార్ తర్వాత చెప్పారు, "సరిచేయాలి" అన్న భాగం కోడ్‌తో సహా రాసింది నువ్వొక్కడివే అని.

చెల్లీ, నీ దగ్గర ఇంకా మంచి అవకాశం ఉంది. నీ పోర్టల్‌లో చూసిన లోపం లాంటిదే ఆ ల్యాబ్స్‌లో ఉంది. ఇంటర్వ్యూలో ల్యాబ్‌ది చూపించు. కాలేజీ పేరు చెప్పకుండా, "ఇలాంటిది ఒకటి నిజంగా కంటపడితే రాతపూర్వకంగా తెలియజేశాను" అని ఒక్క మాట చెప్పు. మా పనిలో మొదటి రోజు నేర్పేది అదే. ఏవేవి పరీక్షించొచ్చో రాసి క్లయింట్ సంతకం చేసిన స్కోప్ కాగితంలో లేని ఒక్క ఐపీని (కంప్యూటర్ అడ్రస్) కూడా తాకకూడదు.

మొదటి నెలంతా నాకు ఎక్సెల్ షీట్, స్క్రీన్‌షాట్లే. విసుగొచ్చింది. మూడో నెలలో నేను రాసిన రిపోర్ట్ ఒక జిల్లా సహకార బ్యాంకుకి వెళ్లింది. అక్కడ మా పెద్దమ్మ లాంటివాళ్ల ఖాతాలుంటాయి. ఆ రోజు రాత్రి నిద్రపట్టలేదు, సంతోషంతోనే.

వేసవిలో గురుగ్రామ్ పోలీసులు నడిపే సైబర్ సెక్యూరిటీ ఇంటర్న్‌షిప్ ఒకటి ఉంది, నోటిఫికేషన్ కోసం కనిపెట్టుకుని ఉండు. హైదరాబాద్‌లో నల్ అనే సెక్యూరిటీ కమ్యూనిటీ మీటింగ్‌లు ఉచితంగా జరుగుతాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒక్క ముక్కా అర్థం కాలేదు. నాలుగోసారికి టీ దగ్గర నిలబడి మాట్లాడగలిగాను.

భీమవరం_అమ్మాయి

అన్నయ్యలకి, మేడమ్ గారికి చాలా థ్యాంక్స్. కీ షేర్ దొరికింది మేడమ్! రాత్రి పదిన్నరకి దొరికింది. మా రూమ్‌మేట్‌ని లేపి మరీ చూపించాను.

ఈమెయిల్ రాస్తున్నాను. ఇంకొక్క సందేహం. మా బాబాయ్ ఇల్లు తాకట్టు పెట్టయినా సరే నన్ను అమెరికాలో సైబర్ సెక్యూరిటీ ఎంఎస్‌కి పంపుదాం, అక్కడే మంచి ఉద్యోగాలు అంటున్నారు. నాన్న ఏమీ మాట్లాడట్లేదు.

వర్జీనియా_నుంచి

తల్లీ, నేను తెనాలి నుంచి వచ్చి ఇక్కడ తొమ్మిదేళ్లు. రావద్దని చెప్పను, కానీ బాబాయ్ గారికి ఈ సంగతులు తెలియాలి. నేనుండే ఈ ప్రాంతంలో సైబర్ ఉద్యోగాలు చాలా ఉన్న మాట నిజం. వాటిలో ప్రభుత్వానికీ రక్షణ శాఖకీ పనిచేసేవి బోలెడు, అవి సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్యాలు చూసే అనుమతి) అడుగుతాయి, దానికి అమెరికా పౌరసత్వం ఉండాలి. సైబర్ చదువుకి ప్రభుత్వం ఇచ్చే పెద్ద స్కాలర్‌షిప్ ఒకటుంది, అదీ పౌరులకీ గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకీ మాత్రమే. మన పిల్లలకి మిగిలేవి ప్రైవేట్ కంపెనీలు. చదువయ్యాక ఓపీటీ (పని చేసుకునే అనుమతి) 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సయితే ఇంకో 24 నెలలు. ఆ తర్వాత ఉద్యోగ వీసా లాటరీ.

అనుభవం లేకుండా వచ్చినవాళ్లు ఇక్కడ మొదటి ఉద్యోగానికి ఎంత తిరిగారో నా కళ్లతో చూశాను. మా ఇంట్లో నాలుగు నెలలున్న ఒక అబ్బాయి రోజూ పొద్దున్నే ల్యాప్‌టాప్ పట్టుకుని లైబ్రరీకి వెళ్లి సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చేవాడు. అక్కడ రెండేళ్లు సాక్‌లోనో ఆడిట్‌లోనో చేసి వస్తే మాట్లాడటానికి నీ దగ్గర సంగతులుంటాయి. ఇల్లు తాకట్టు మాత్రం పెట్టనివ్వకు. మీ నాన్నగారు ఎందుకు మాట్లాడట్లేదో నువ్వే పక్కన కూర్చుని అడుగు.

భీమవరం_అమ్మాయి

ఆరు వారాలైంది, ఏం జరిగిందో చెప్దామని వచ్చాను.

ఈమెయిల్ పంపాను. మేడమ్ గారు చెప్పినట్టు మా సీఎన్ లెక్చరర్‌ని వెంటపెట్టుకునే హెచ్ఓడీ సార్ దగ్గరికి వెళ్లాను. మొదట సార్ మొహం ఎర్రబడింది. "ఎవరు చూడమన్నారు నిన్ను" అన్నారు. చేతులు వణికాయి. "సార్, నా వివరాలు కూడా కనిపిస్తున్నాయి" అన్నాను. ఆ మాటతో సార్ తన కంప్యూటర్‌లో తెరిచి, తనే నంబర్ మార్చి చూశారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ ఈమెయిల్‌ని నా ముందే పోర్టల్ వాళ్లకి ఫార్వర్డ్ చేశారు.

లాగ్ రిపోర్ట్ మూడుసార్లు తిరగరాశాను. ఫెయిల్‌టూబ్యాన్ పెట్టాక నా ల్యాప్‌టాప్‌నే బ్లాక్ చేసేసింది, ఎందుకో తేల్చుకోవడానికి ఒక రాత్రి పట్టింది, అది కూడా రిపోర్ట్‌లో రాశాను. ల్యాబ్ రిపోర్ట్‌తో కలిపి 22 చోట్లకి పంపితే ముగ్గురు జవాబిచ్చారు. గురువారం ఒక ఆడిట్ సంస్థతో ఇంటర్వ్యూ ఉంది. బ్రౌజర్ ప్రశ్న అడిగితే ఈసారి పావుగంట చెప్పగలను.

నాన్నతో మాట్లాడాను. ఇల్లు తాతయ్య కట్టింది, దాన్ని కాగితం మీద పెట్టడం ఆయనకి ఇష్టం లేదు, బాబాయ్‌కి ఎదురు చెప్పలేక ఊరుకున్నారట. రెండేళ్ల తర్వాత చూద్దామనుకున్నాం.

పోర్టల్ బాగుచేశామని నిన్న సార్ పిలిచి చెప్పారు. "నంబర్ మార్చి చూడు" అన్నారు. ఈమెయిల్‌లో రాసివ్వమని అడిగాను సార్‌ని. ఒక్క క్షణం నా వైపు చూసి, అక్కడే కూర్చుని రెండు లైన్లు టైప్ చేసి పంపారు. అప్పుడు రూమ్‌మేట్ నంబర్ వేశాను. తిన్నగా లాగిన్ పేజీకి పంపేసింది.